ఏం తింటున్నావని ఒక్కసారి అడగండి: షుగర్, గుండె డాక్టర్లకూ ఆరోగ్య శాఖకూ బహిరంగ లేఖ

షుగర్, గుండె జబ్బులకు వైద్యం చేసే డాక్టర్లకు,
రెండు తెలుగు రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖల ఉన్నతాధికారులకు,

నమస్కారం.

నేను ఫార్మసిస్టుని. సాగర్ ఎడమ కాలువ కింద ఒక చిన్న టౌనులో 22 ఏళ్లుగా మందుల షాపు నడుపుతున్నాను. మీరు రాసే చీటీల మీదే నా ఇల్లు గడుస్తుంది. మీ ఓపీల్లో ఎంత రద్దీ ఉంటుందో, ఒక్కొక్కరికి ఎన్ని నిమిషాలు దొరుకుతాయో నాకు తెలుసు. ఆ గౌరవంతోనే రాస్తున్నాను.

ఇదే విషయం మీద ప్రజావాణిలో రెండుసార్లు దరఖాస్తు ఇచ్చాను. రశీదులు నా దగ్గరున్నాయి, జవాబు మాత్రం రాలేదు. మా అన్నకు వైద్యం చేసిన ఆసుపత్రికి కూడా ఉత్తరం పెట్టాను. "పేషెంటు మేం చెప్పినట్టు వినలేదు" అని ఫోన్లో ఒక మాట చెప్పి పెట్టేశారు. ఇక నలుగురి ముందు అడగడం తప్ప వేరే దారి కనిపించలేదు.

నేను అడిగేది చిన్న విషయం. షుగర్ ఉన్న మనిషి అన్నం తగ్గించి, లో కార్బ్ డైట్ (పిండిపదార్థాలు బాగా తగ్గించే తిండి) చేస్తున్నానని చెబితే అతన్ని తిట్టి పంపకండి. అన్నం బదులు ఏం తింటున్నాడో అడగండి. దానికి తగ్గట్టు గోలీలు మార్చండి. ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, చూడండి. ఇది జరగనందుకు మా ఇంట్లో ఏమైందో చెబుతాను.

మా అన్న రైస్ మిల్లులో ఆపరేటర్. పదేళ్లుగా షుగర్ ఉంది. మూడేళ్ల కింద ఒక పెళ్లిలో ఎవరో చెప్పగా, ఆ తర్వాత ఫోన్లో వీడియోలు చూసి, అన్నం పూర్తిగా మానేశాడు. పొద్దున నెయ్యి వేసిన ఆమ్లెట్, మధ్యాహ్నం చికెన్, రాత్రి కొబ్బరి నూనెలో వేయించిన పనీర్. అయిదు నెలల్లో 84 కిలోల మనిషి 73కి వచ్చాడు. మూడు నెలల సగటు షుగర్ (హెచ్‌బీఏ1సీ) 9.2 నుంచి 6.5కి దిగింది. రక్తంలో ఉండే కొవ్వు, 320 ఉన్న ట్రైగ్లిజరైడ్లు, 150కి వచ్చాయి. మోకాళ్ల నొప్పి తగ్గింది. మిల్లులో అందరికీ చొక్కా ఎత్తి పొట్ట చూపించేవాడు. ఆయన్ని అంత సంతోషంగా నేను చాలా ఏళ్ల తర్వాత చూశాను.

ఆ రిపోర్టులు పట్టుకుని డాక్టరు గారి దగ్గరికి వెళ్లాడు. మెచ్చుకుంటారనుకున్నాడు. "ఈ పిచ్చి డైట్లు ఆపితేనే మళ్లీ నా దగ్గరికి రా" అన్నారట. ఏం తింటున్నావని గానీ, షుగర్ ఎలా తగ్గిందని గానీ అడగలేదు. అన్న డైట్ ఆపలేదు, డాక్టరు దగ్గరికి వెళ్లడం ఆపేశాడు. "షుగరే లేకపోతే గోలీలెందుకు" అని అన్నీ పక్కన పెట్టాడు. వాటిలో కొలెస్ట్రాల్ గోలీ కూడా ఉంది. షాపులో కూర్చునే నేను కూడా ఆయన ఆ గోలీ తీసుకెళ్లడం లేదని ఎనిమిది నెలలు గమనించలేదు. ఆ తప్పు నాది.

ఏడాది తిరిగాక ఒక రాత్రి రెండింటికి ఛాతీలో మంట. గ్యాస్ అనుకుని పొడి కలుపుకుని తాగాడు. గంటన్నర అలాగే కూర్చున్నాడు. వదిన నాకు ఫోన్ చేసేసరికి చొక్కా చెమటతో తడిసిపోయి ఉంది. ఆరోగ్యశ్రీ కింద స్టెంటు వేశారు, బతికాడు. ఆ రోజు తీసిన ఎల్‌డీఎల్ 205. గోలీ వాడుతున్న రోజుల్లో అదే 112 ఉండేది.

డిశ్చార్జి కాగితం మీద తిండి గురించి ఇంగ్లీషులో ఒక్క లైను ఉంది: కొవ్వు తక్కువ, ఉప్పు తక్కువ, డయాబెటిక్ డైట్. అంటే ఏమిటని అడిగితే, అక్కడున్న అమ్మాయి "అన్నం మానేసి చపాతీ తినండి" అంది. ఇప్పుడు అన్న పూటకు నాలుగు చపాతీలు తింటున్నాడు. మూడు నెలల షుగర్ మళ్లీ 8.8కి ఎక్కింది. "తమ్ముడూ, కొవ్వు తింటే గుండె అంటారు, పిండి తింటే షుగర్ అంటారు. నేను ఏం తినాలి చెప్పు" అని మొన్న షాపుకొచ్చి అడిగాడు. ఈ లేఖ ఆ ప్రశ్న నుంచే మొదలైంది.

అన్న మొదట చేసింది పూర్తిగా తప్పు కాదు. ఈ మాట మీ ముందు గట్టిగా చెప్పాలనుకుంటున్నాను. మన దేశంలో 10 కోట్లకు పైగా మందికి షుగర్ ఉందనీ, మరో 13 కోట్ల 60 లక్షల మంది దాని అంచున ఉన్నారనీ భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) చేసిన ఇండియాబ్ సర్వే 2023లో లెక్క చెప్పింది. అదే సర్వే వాళ్లు 2025లో తిండి లెక్కలు కూడా బయటపెట్టారు. మన కేలరీల్లో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నాయి, ప్రొటీన్ 12 శాతం దగ్గరే ఆగిపోయింది. వంద గ్రాముల బియ్యంలో దాదాపు 78 గ్రాములు పిండిపదార్థమే. మా దగ్గర మిల్లు మనిషి మధ్యాహ్నం ఒక్క పూటే పావుకిలో బియ్యం వండుకుని తింటాడు, అందులో పప్పు రెండు గరిటెలు, పక్కన పచ్చడి. మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో ఇచ్చిన మార్గదర్శకాల్లో 2,000 కేలరీల పళ్లేనికి రోజు మొత్తానికి చెప్పిన ధాన్యాలే 250 గ్రాములు. కేలరీల్లో ధాన్యాల వాటా 45 శాతం దాటొద్దని కూడా అందులోనే ఉంది. అంటే అన్నం తగ్గించమని చెప్పింది వీడియోల వాళ్లు మాత్రమే కాదు, మన ప్రభుత్వ సంస్థ కూడా చెప్పింది. కాకపోతే వీడియో ప్రతి ఫోన్లోకీ వచ్చింది, తార్నాక పుస్తకం మా పీహెచ్‌సీ గోడ మీదికి కూడా రాలేదు.

పిండిపదార్థం ఎక్కువైతే మిగిలిన దాన్ని లివర్ కొవ్వుగా మారుస్తుంది. ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి, మంచి కొలెస్ట్రాల్ తగ్గుతుంది, నడుము చుట్టూ కొవ్వు చేరుతుంది. మనవాళ్ల రిపోర్టుల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. అన్నం తగ్గిస్తే ఇవి చాలామందిలో చక్కబడతాయి. అన్న రిపోర్టులో జరిగింది అదే, అది గుండెకు మంచిదే.

కానీ ఎల్‌డీఎల్ సంగతి వేరు. నెయ్యి, వెన్న, కొబ్బరి నూనె, పామాయిల్ లాంటి వాటిలో ఉండే సంతృప్త కొవ్వు ఎక్కువైతే, రక్తంలోని ఎల్‌డీఎల్‌ని లివర్ లాగేసుకునే శక్తి తగ్గిపోతుంది. కొబ్బరి నూనెలో దాదాపు 90 శాతం, పామాయిల్‌లో సగం దాకా ఈ కొవ్వే. మనం తరతరాలుగా వాడిన వేరుశనగ నూనెలో అది అయిదో వంతుకు మించదు. కొందరికి, ముఖ్యంగా సన్నగా ఉన్నవాళ్లకు, పిండిపదార్థం పూర్తిగా ఆపేస్తే ఎల్‌డీఎల్ 200 దాటి పోతుంది. బరువు తగ్గింది, షుగర్ తగ్గింది, ఒంట్లో హాయిగా ఉంది. రక్తనాళంలో పేరుకునేది మాత్రం పైకి కనిపించదు, నొప్పి పెట్టదు.

పెద్ద పరిశోధనలు కూడా ఇంచుమించు ఇదే చెప్తున్నాయని మీకు నాకన్నా బాగా తెలుసు. మన దేశంతో సహా 18 దేశాల్లో లక్షా 35 వేల మందిని గమనించి 2017లో ప్రచురించిన ప్యూర్ అధ్యయనంలో పిండిపదార్థాలు బాగా ఎక్కువ తిన్నవాళ్లలో మరణాలు ఎక్కువగా కనిపించాయి. మరుసటి ఏడాది అమెరికా నుంచి వచ్చిన ఇంకో పెద్ద అధ్యయనంలో, పిండిపదార్థం బాగా ఎక్కువైనా, మరీ తక్కువైనా ఆయుష్షు తగ్గింది. కేలరీల్లో సగం దాకా పిండిపదార్థం నుంచి తీసుకున్నవాళ్లు ఎక్కువ కాలం బతికారు. తగ్గించిన వాళ్లలో కూడా, ఆ ఖాళీని మాంసంతో, జంతు కొవ్వుతో నింపినవాళ్లకు నష్టం కనిపించింది, పప్పులు, గింజలతో నింపినవాళ్లకు మేలు కనిపించింది. ఇవి జనాన్ని దూరం నుంచి గమనించిన అధ్యయనాలు, తుది తీర్పులు కావు. అయినా, అన్నం తీసేసిన చోట ఏం పెట్టాలన్నదే అసలు ప్రశ్న అని అర్థమవుతోంది. ఆ ప్రశ్న మా అన్నని అడిగినవాళ్లే లేరు.

ఇప్పుడు మామూలు మనుషుల మీద దీని దెబ్బ ఎలా పడుతోందో చెబుతాను. ఇవన్నీ నేను షాపు కౌంటర్ దగ్గర చూసినవీ, నా వృత్తిలో చదువుకున్నవీ.

1. అన్నం మానేసి గ్లిమిపిరైడ్ అనే షుగర్ గోలీ మాత్రం అలాగే వేసుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ గోలీకి కడుపులో ఏముందో తెలియదు, అది ఇన్సులిన్‌ని పిండుతూనే ఉంటుంది. మా మిల్లులో ఒక హమాలీ, 50 కిలోల బస్తా భుజం మీద ఉండగానే కళ్లు తిరిగి పడ్డాడు. షుగర్ 48 ఉంది. బస్తా పక్కకు పడింది కాబట్టి బతికాడు. ఆ రోజు పొద్దున రెండు గుడ్లు తిని వచ్చాడు, గోలీ మాత్రం ఎప్పటిలాగే వేసుకున్నాడు. తగ్గించుకోవాలని అతనికి చెప్పినవాళ్లు లేరు. లారీ డ్రైవర్లకు స్టీరింగ్ ముందు ఇలాగే జరిగితే ఏమవుతుందో మీరే ఊహించండి.

2. డాపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ గోలీ పేటెంటు మన దేశంలో 2020లో ముగిసింది. ధర పడిపోయి ఇప్పుడు పల్లెటూరి షాపుల్లోనూ దొరుకుతోంది. మంచి మందే, గుండెకూ కిడ్నీకీ మేలు చేస్తుంది. కానీ దీన్ని వేసుకుంటూ పిండిపదార్థం పూర్తిగా మానేస్తే ఒంట్లో కీటోన్లు (కొవ్వు కరిగేటప్పుడు పుట్టే ఆమ్లాలు) ప్రమాదకరంగా పెరిగిపోవచ్చు. వాంతులు, కడుపు నొప్పి, ఆయాసం వస్తాయి. షుగర్ చూస్తే 180, 200 దగ్గరే ఉంటుంది, ఎవరికీ అనుమానం రాదు. ఈ రకం మందులతో ఈ ప్రమాదం ఉందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2015లోనే హెచ్చరించింది. మా ఊరి ఆర్‌ఎంపీకి ఆ సంగతి తెలియదు. గ్యాస్ ఇంజెక్షన్ ఇచ్చి పంపిస్తాడు. నా కౌంటర్ దగ్గరికి వచ్చి "డైట్ చేస్తున్నా" అన్న ప్రతి మనిషినీ ఇప్పుడు నేను ఈ గోలీ గురించి అడుగుతున్నాను. కానీ ఇది నేను అడగాల్సింది కాదు, చీటీ రాసేటప్పుడే తేలాల్సింది.

3. బరువు తగ్గి, ఒంట్లో నీరు తగ్గేసరికి బీపీ కూడా దిగుతుంది. పాత మోతాదు గోలీలు అలాగే వేసుకుంటారు. తెల్లవారుజామున బాత్రూంకి లేచి పడిపోయే ముసలివాళ్లను చూస్తున్నాం.

4. కొలెస్ట్రాల్ గోలీ మానేయడం. దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. "షుగర్ పోయింది కదా" అని అన్ని గోలీలతో పాటు దీన్నీ ఆపేస్తారు. ఒకసారి గుండెపోటు వచ్చినవాళ్లకు ఎల్‌డీఎల్ 55 లోపు ఉండాలని మన కార్డియాలజీ సొసైటీ 2024లో మార్గదర్శకాలు ఇచ్చింది. స్టెంటు వేయించుకుని, 150 ఎల్‌డీఎల్‌తో, నెయ్యి గిన్నెలో చెయ్యి పెట్టుకుని తిరుగుతున్నవాళ్లు మా ఊళ్లోనే ఉన్నారు. వాళ్లు మొండివాళ్లు కారు. తిట్టు పడినవాళ్లు. తిట్టు పడిన మనిషి మళ్లీ ఆసుపత్రి గుమ్మం తొక్కడు, రెట్టింపు నమ్మకంతో ఫోన్ వైపు తిరుగుతాడు.

5. ఇంకో రకం వాళ్లున్నారు. అన్నం బదులు జొన్న రొట్టె, కొర్రల అన్నం అంటూ అంతే పరిమాణం, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ తింటారు. జొన్నల్లో కూడా వందకు 70 గ్రాముల దగ్గరదాకా పిండిపదార్థమే. నేను పైన చెప్పిన 2025 ఐసీఎంఆర్ విశ్లేషణ ఈ సంగతి స్పష్టంగా చెప్పింది: మొత్తం పిండిపదార్థం తగ్గించకుండా, తెల్ల బియ్యం బదులు గోధుమ, చిరుధాన్యాలు తింటే షుగర్ ముప్పు తగ్గలేదు. కిలో కొర్రలకు వంద రూపాయల పైన పెట్టి కొని, పళ్లెం నిండా తిని, షుగర్ ఎందుకు తగ్గలేదని ఏడ్చే ఆడమనిషికి ఈ ఒక్క మాట చెప్పేవాళ్లు కావాలి.

6. ఇంట్లో ఆడవాళ్ల సంగతి. మగాయనకు డైట్ వంట వేరు, పిల్లలకు వేరు, మిగిలిన అన్నం, నిన్నటి చారు ఆమెకు. మా వదిన అన్నకు రెండేళ్లు విడిగా వండిపెట్టింది. ఈ మధ్య పరీక్ష చేయిస్తే ఆమెకే షుగర్ తేలింది. ఇంట్లో ఒకరి షుగర్ తగ్గించే తిండి ఇంకొకరికి ఎందుకు చేరదో నాకు అర్థం కాదు. డాక్టరు గారు మాట్లాడేటప్పుడు ఆమెను కూడా పిలిచి కూర్చోబెట్టి ఉంటే ఒకే వంట అందరికీ సరిపోయేది.

7. డబ్బు. కూలి పని చేసే ఇంట్లో కడుపు నింపేది రేషన్ బియ్యమే. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినప్పుడు అది ఆకలికి మందు, ఆ మేలు మరచిపోలేం. 2025 ఉగాది నుంచి తెలంగాణలో సన్న బియ్యమే ఉచితంగా మనిషికి నెలకు ఆరు కిలోలు ఇస్తున్నారు. ఇదీ మంచిదే. కానీ షుగర్ ఉన్న కూలీ మనిషికి అన్నం తగ్గించు అన్నప్పుడు, ఆ సగం పళ్లెం దేంతో నింపాలి? కందిపప్పు, గుడ్లు, పల్లీలు కొనాలి. బియ్యం ఉచితం, పప్పు కొనుక్కోవాలి అయితే, డాక్టరు ఏం చెప్పినా చివరికి పళ్లెంలోకి వచ్చేది బియ్యమే. పప్పు, మాంసం ఖరీదు వల్లే మనవాళ్లు ధాన్యాల మీద ఆధారపడుతున్నారని తార్నాక మార్గదర్శకాల్లోనే రాసి ఉంది.

8. ఉద్దానం లాంటి చోట కిడ్నీ జబ్బుతో ఉన్నవాళ్లు ఫోన్ చూసి రోజుకు అర కిలో మాంసం తినడం మొదలుపెడితే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

ఇవన్నీ అన్నం మానేయడం వల్ల వచ్చిన నష్టాలని ఎవరైనా అనొచ్చు. కాదు. పక్కన వైద్యుడు లేకుండా మానేయడం వల్ల వచ్చినవి. అదే మనిషి పప్పు, పెసలు, గుడ్డు తెల్లసొన, చేపలు, ఆకుకూరలు, పెరుగు, గుప్పెడు పల్లీలతో పళ్లెం నింపుకుని, వేరుశనగ నూనె కొలిచి వాడి, గోలీలు సరిచేయించుకుని, రెండు నెలలకు ఒకసారి రక్తం చూపించుకుని ఉంటే? మా అన్న రిపోర్టులు చూశాక నా నమ్మకం ఒకటే, ఆయనకు 6.5 షుగరూ వచ్చేది, స్టెంటూ తప్పేది.

అందుకని మా డిమాండ్లు ఇవి. వీటిలో మొదటి మూడూ డాక్టర్లకు. వాటికి జీవో అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు, రేపటి ఓపీ నుంచే మొదలుపెట్టొచ్చు.

1. షుగర్, బీపీ, గుండె జబ్బు ఉన్న ప్రతి మనిషి చీటీ మీద తిండి గురించి ఒక లైను తెలుగులో రాయండి. "రెండు పూటలా అన్నం, పప్పు తక్కువ" అనో, "అన్నం మానేశాడు, నెయ్యి ఎక్కువ" అనో. అది చూసి మేం ఫార్మసిస్టులం కూడా జాగ్రత్త చెప్పగలం.

2. అన్నం బాగా తగ్గించానని చెప్పిన మనిషికి అదే రోజు గ్లిమిపిరైడ్, ఇన్సులిన్, డాపాగ్లిఫ్లోజిన్ రకం మందులు, బీపీ గోలీలు తిరిగి చూడండి. ఏది తగ్గించాలో, ఏది ఆపాలో, ఏది ఎట్టి పరిస్థితుల్లో ఆపకూడదో విడివిడిగా చెప్పండి. కొలెస్ట్రాల్ గోలీ ఎట్టి పరిస్థితుల్లో ఆపకూడని వాటిలోకే వస్తుందని ఎర్ర ఇంకుతో రాయండి.

3. డైట్ మొదలయ్యే ముందు ఒకసారి, రెండు మూడు నెలలకు ఒకసారి లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వుల పరీక్ష) చేయించండి. ట్రైగ్లిజరైడ్లు తగ్గి ఎల్‌డీఎల్ పెరిగితే డైట్ ఆపమనకండి. కొవ్వు మార్చమనండి: నెయ్యి, కొబ్బరి నూనె తగ్గించి, పప్పులు, గింజలు, చేపలు పెంచమనండి. మనిషి సంతోషంగా చేస్తున్న పనిలో సగం సరిచేయడం, మొత్తం వద్దనడం కంటే తేలిక.

ఇక అధికారులను అడిగేవి.

4. 30 ఏళ్లు దాటినవాళ్లకు ఊళ్లలో చేసే పరీక్షల్లో బీపీ, షుగర్, మూడు రకాల క్యాన్సర్లు ఉన్నాయి, కొలెస్ట్రాల్ లేదు. షుగర్ తేలిన ప్రతి మనిషికీ లిపిడ్ పరీక్ష తప్పనిసరి చేయండి. తెలంగాణ డయాగ్నొస్టిక్స్ లాంటి ఏర్పాటు ఇప్పటికే ఉంది, రక్తం తీసి పంపితే చాలు. ఇక ఆశా అక్కలు ఇంటింటికీ తెచ్చే ఫారం చూశాను. బీడీ, సిగరెట్ తాగుతావా, మందు తాగుతావా, నడుము ఎంత, ఒంటికి శ్రమ ఉందా, ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉందా అని అడుగుతుంది. రోజూ ఏం తింటావని అడగదు. ఆ ఫారం కేంద్రానిదే అయినా, రెండే రెండు ప్రశ్నలు మన రాష్ట్రాలు అదనంగా చేర్చుకోవచ్చు: రోజుకు బియ్యం ఎంత, ఇంట్లో వాడే నూనె ఏది.

5. ప్రతి ఏరియా ఆసుపత్రిలో, ప్రతి సామాజిక ఆరోగ్య కేంద్రంలో షుగర్ క్లినిక్ జరిగే రోజున ఒక డైటీషియన్ కూర్చోవాలి. ఆరోగ్యశ్రీ కింద స్టెంటుకు, బైపాస్‌కు డబ్బు కడుతున్న ప్రభుత్వం, ఆ స్టెంటు మళ్లీ పూడకుండా చూసే తిండి మాట చెప్పే మనిషికి జీతం ఇవ్వలేదా? డిశ్చార్జి రోజున అరగంట, భార్యాభర్తలిద్దర్నీ కూర్చోబెట్టి చెప్పడాన్ని ప్యాకేజీలో భాగం చేయండి. ఆ అరగంట జరిగినట్టు సంతకం లేకపోతే ఆసుపత్రికి బిల్లు పాస్ చేయకండి.

6. ఇంగ్లీషు లైను బదులు తెలుగులో తిండి కాగితం ఇవ్వండి. అందులో పప్పుచారు, గోంగూర, దోసకాయ పప్పు, సర్వపిండి, ఉలవచారు, పెసరట్టు, చేపల పులుసు ఉండాలి. ఓట్స్, బ్రకోలీ కాదు. మిల్లు హమాలీకి ఒకటి, టీచరుకు ఒకటి, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ఇంకొకటి వేరుగా కావాలి. తార్నాక సంస్థ మన రాష్ట్రంలోనే ఉంది, వాళ్లు తయారుచేసి ఇవ్వగలరు.

7. రేషన్‌లో షుగర్ ఉన్న కుటుంబానికి ఇష్టమైతే నెలకు రెండు కిలోల బియ్యం బదులు ఆ విలువకు తగ్గ కందిపప్పో, శనగలో, పల్లీలో తీసుకునే వీలు కల్పించండి. బియ్యం కావాలన్నవాళ్లకు బియ్యమే ఇవ్వండి. ఎవరి నోటి ముద్దా లాక్కోమని నేను అనడం లేదు.

8. డైట్ పేరుతో వీడియోలు చేసి, పొడులు, నూనెలు అమ్మేవాళ్లు "గోలీలు మానేయండి" అని చెబితే దాన్ని వైద్యం కిందే లెక్కించి చర్య తీసుకోండి. అన్నం తగ్గించమని చెప్పే హక్కు ఎవరికైనా ఉంది. గోలీ ఆపమని చెప్పే హక్కు వైద్యుడికే ఉంది.

డాక్టర్లకు ఇంకొక్క మాట. పెద్ద పెద్ద హాళ్లలో మీటింగులు పెట్టి లో కార్బ్ డైట్లు ప్రమాదమని మీలో చాలామంది చెప్పారు. అందులో నిజముంది. కానీ ఆ మీటింగులకు వెళ్లిన జనం అప్పటికే పది కిలోలు తగ్గి ఉన్నారు. ఒంట్లో హాయి అనుభవిస్తున్న మనిషికి "ప్రమాదం" అన్న ఒక్క మాట సరిపోదు. నీకు ఏం తగ్గిందో చూశాను, ఇది మంచిది, ఇది మాత్రం పెరిగింది, దీన్ని ఇలా దించుదాం అని రిపోర్టు మీద వేలు పెట్టి చూపించాలి. మా అన్న ఆ మాట కోసమే ఆ రోజు ఫైలు పట్టుకుని ఓపీలో మూడు గంటలు కూర్చున్నాడు.

నా వంతుగా ఈ నెల నుంచి షాపు ముందు బోర్డు పెట్టాను: "డైట్ చేస్తున్నారా? గోలీలు ఆపే ముందు చెప్పండి." కొలెస్ట్రాల్ గోలీ తీసుకెళ్లడం మానేసినవాళ్ల పేర్లు రిజిస్టర్‌లో చూసి ఫోన్ చేస్తున్నాను. ఇప్పటికి పదకొండు మందికి చేశాను. నలుగురు తిరిగి డాక్టర్ల దగ్గరికి వెళ్లడానికి ఒప్పుకున్నారు. మిగతా ఏడుగురూ అడిగింది ఒకటే: "తిడతారా?"

వాళ్లకు ఏం జవాబు చెప్పాలో మీరు చెప్పండి. ఈ లేఖ ప్రతిని వచ్చే సోమవారం మూడోసారి ప్రజావాణిలో ఇస్తున్నాను. 30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
సాగర్ ఎడమ కాలువ ప్రాంతంలో మందుల షాపు నడిపే ఒక ఫార్మసిస్టు